వ్యవసాయ సమాచార విద్య: మన బిడ్డలకు తగిన చదువేనా?



గత వార్షికోత్సవము ముగిసి పందిరి విప్పుచున్న వేళ, ఒక క్యాంపునుండి వచ్చిన రైతు మాయొద్దకు వచ్చిరి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిమ్మట, కోస్తా సీమను విడిచి ఈ ఆయకట్టునకు వచ్చి, తుమ్మలు కొట్టి మళ్ళు కట్టినవారిలో వారి తాతగారొకరు. వారి కుమార్తె మన పాఠశాలలో పదవ తరగతి చదువుచున్నది. ఆ తండ్రి మమ్మడిగిన మాటలను వారి నోటిమాటగనే ఇచ్చట వ్రాయుచున్నాము.

“మాస్టారూ, వ్యవసాయం గురించి రాసే చదువేదో ఉందట, అదే చదువుతానని మా అమ్మాయి పట్టుబట్టిందండీ. పొలం బురదలోంచి బయటపడాలనే గదండీ పిల్లల్ని చదివించుకునేది? మళ్ళీ పొలం చదువేమిటండీ? అదీగాక, ఈ కన్నడ దేశంలో దానికొచ్చిన తెలుగు ఎందుకు పనికొస్తుందండీ?”

ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఆ ప్రశ్నలో నిజమునకు రెండు ప్రశ్నలు కలవు. ఈ విద్య ఎట్టిది, దానివలన జీవనము గడచునా అనునది మొదటిది. మాతృభాష ఇందులో అక్కరకు వచ్చునా అనునది రెండవది. పదవ తరగతి దాటు బిడ్డలున్న ప్రతి యింటను ఈ యోచన ఉండునని తలచి, ఆ తండ్రికి చెప్పవలసిన సమాధానమును మీకందరకును ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

ఈ విద్య ఎట్టిది?

పరిశోధనాలయములో తేలిన విషయము రైతు పొలమునకు చేరవలెను. పొలములో రైతు పడిన కష్టము పరిశోధనాలయమునకును, ప్రభుత్వమునకును, పట్టణములలోని జనులకును చేరవలెను. ఈ రాకపోకలు రెండును చెడకుండ జరుగు విధమును శాస్త్రముగా నేర్పునదే వ్యవసాయ సమాచార విద్య. పత్రికారచన ఇందులో ఒక పాయ మాత్రమే. రేడియో ప్రసంగము, కరపత్రము, చిత్రము, పొలములో ప్రదర్శన, నేడు చేతిలోని ఫోనుకు వచ్చు సందేశము, ఇవి అన్నియు దీని పరిధిలోనివే.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికా దేశమున ఐయోవా రాష్ట్ర కళాశాలలో 1905లోనే వ్యవసాయ పత్రికారచనను బోధింప మొదలిడిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1908లో దీనికై ప్రత్యేక శాఖయే ఏర్పడెను. మన దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయము 1960లో పంత్‌నగరులో వెలసినది. అచ్చట వ్యవసాయ సమాచారమునకు వేరుగా ఒక శాఖ కలదు. 1962లో ఏర్పడిన లూధియానా విశ్వవిద్యాలయమున వ్యవసాయ పత్రికారచనను, భాషలను, సంస్కృతిని ఒకే శాఖలో చేర్చిరి. ఈ చేర్పు మనము గమనింపదగినది. భాష రానివాడు ఈ పని చేయజాలడని ఆ శాఖ పేరే చెప్పుచున్నది.

ఒక బస్తా లెక్క

ఈ విద్యలోని బరువు తెలియుటకు చిన్న లెక్క నొకదానిని చూతము. వరికి ఎకరమునకు 46 కిలోల నత్రజని వేయుడని ఒక సలహా వచ్చినదనుకొందము. శాస్త్రజ్ఞునకు ఆ మాట చాలును. రైతు కొనునది నత్రజని కాదు, యూరియా. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. కనుక 46 కిలోల నత్రజనికి 100 కిలోల యూరియా కావలెను. వెనుకటి బస్తా 50 కిలోలు గనుక “రెండు బస్తాలు” అని వ్రాసిన సరిపోయెడిది. 2018నుండి బస్తా 45 కిలోలకు తగ్గినది. పాత కరపత్రమును నేడు మరల అచ్చువేసినచో, రెండు బస్తాలు వేసిన రైతునకు పది కిలోల యూరియా లోటగును. వ్రాసినవాడు అబద్ధమాడలేదు, అయినను వ్రాసినది అబద్ధమైనది.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. శాస్త్ర గ్రంథములు హెక్టారు లెక్కన చెప్పును. హెక్టారనగా సుమారు రెండున్నర ఎకరములు. హెక్టారు మోతాదును తొందరలో ఎకరమునకని వ్రాసినచో, రైతు రెండున్నర రెట్లు ఎరువు వేయును. నత్రజని మితిమీరిన వరి నల్లగా ఏపుగా పెరిగి చూచుటకు బాగుండును. పిదప దానికి అగ్గితెగులు సోకును, దోమపోటు తగులును, వెన్ను బరువునకు పైరు పడిపోవును. వ్రాతగాని కలము చేసిన తప్పునకు పన్ను కట్టువాడు రైతు. కవిత్వమున ఒక మాట జారిన పాఠకుడు నవ్వి ఊరకుండును. ఈ రచనలో ఒక అంకె జారిన ఒక కుటుంబపు ఏడాది కష్టము పోవును.

పురుగుమందుల సంగతి ఇంకను జాగ్రత్త కోరును. మన దేశమున పురుగుమందు డబ్బాపై రంగు గుర్తు వేయవలెనని నియమము. ఎరుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, ఆపై నీలము, చివరకు ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తును చూచి “ఇది హానిలేనిది” అని తలచువారు పెక్కురు. అదియు విషమే, దాని తీవ్రత తక్కువ యని మాత్రమే ఆ గుర్తునకు అర్థము. తెలుగులో మనము దానిని “మందు” అనుచున్నాము, తమిళులు “మరుందు” అందురు, కన్నడిగులు “ఔషధి” అందురు. మూడు భాషలలోను విషమునకు వైద్యుని యొద్ద దొరకు వస్తువు పేరే పెట్టబడినది. ఆ తీయని పేరు చాటున దాగిన అపాయమును రైతునకును, కూలికి వచ్చు స్త్రీలకును విప్పి చెప్పవలసినవాడు వ్యవసాయ రచయిత.

ఒకే మాట, వేరు వేరు కొలతలు

మనవంటి సరిహద్దు జనులకు ఈ విద్య మరింత ఆసక్తి గొలుపును. “గుంట” అను మాటనే తీసికొనుడు. కర్ణాటకమునను, మహారాష్ట్రమునను, తెలంగాణమునను 40 గుంటలు ఒక ఎకరము. ఒడిశాలో 25 గుంటలు ఒక ఎకరము. తమిళనాడునను, కోస్తా ఆంధ్రమునను, యానామునను సెంట్ల లెక్క గనుక నూరు సెంట్లు ఎకరము. “గుంటకు ఇంత విత్తనము” అని బళ్ళారిలో వ్రాసిన సలహాను అట్లే బరంపురమునకు పంపినచో, అచ్చటి రైతు పెద్ద గుంటకు చిన్న గుంట విత్తనము వేయును.

పంటల పేర్లును అట్టివే. రాగులను ఉత్తర కోస్తావారు “చోళ్ళు” అందురు. తమిళమున “చోళం” అనగా జొన్న. కన్నడమున “జోళ” అన్నను జొన్నయే. రాగిని ఒడియాలో “మాండియా” అనియు, మరాఠీలో “నాచణి” అనియు పిలుతురు. కన్నడమున “కడలె” యనగా శనగ, “కడలెకాయి” యనగా వేరుశనగ. ఒక్క “కాయి” జారిన పంటయే మారిపోవును. పుస్తకమును చూచి భాషను నేర్చినవానికి ఈ చిక్కులు కానరావు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, సంతలో రెండును కలిపి మాటలాడు మన బిడ్డకు ఇవి పుట్టుకతో వచ్చిన తెలివి. విశ్వవిద్యాలయము ఆ తెలివిని శాస్త్రముగా మలచును.

రైతు ఎట్లు నమ్మును?

చెప్పుట వేరు, నమ్మించుట వేరు. ఈ విషయమున మిక్కిలి పేరుపొందిన పరిశోధన ఐయోవాలోనే జరిగినది. రయన్, గ్రాస్ అను ఇద్దరు పండితులు సంకర మొక్కజొన్న విత్తనము రైతులలో వ్యాపించిన తీరును 259 మంది రైతులనుండి విచారించి, 1943లో ప్రకటించిరి. విత్తనమును గూర్చి మొదట తెలిపినవారిలో ఎక్కువమంది కంపెనీ అమ్మకందారులు. కాని రైతులు వేయుటకు నిశ్చయించుకొన్నది పొరుగు రైతు మాటవలన. ప్రకటన వినుటకు, పొరుగువాని చేను నమ్ముటకు. మన తాతలకు తెలిసిన సంగతినే ఆ పండితులు లెక్కలతో నిరూపించిరి. వ్యవసాయ రచయిత అమ్మకందారునివలె గాక, పొరుగు రైతువలె మాటలాడవలెనని దీనివలన నేర్చుకొనవలెను.

మన దేశమునను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. 1956లో పూనా ఆకాశవాణి కేంద్రమునుండి, సుమారు 150 గ్రామములలో రైతు శ్రోతల సంఘములనేర్పరచి, వారమునకు రెండుసార్లు చొప్పున పదివారములు ప్రసంగములు వినిపించిరి. గ్రామస్థులు విని ఊరకుండలేదు. కూర్చుండి చర్చించిరి, ప్రశ్నలు వ్రాసి పంపిరి, వానికి రేడియో జవాబు చెప్పినది. సంఘములు లేని గ్రామములతో పోల్చి చూడగా, ఈ గ్రామములవారి తెలివిడి ఎంతయో ఎక్కువగా పెరిగినట్లు తేలినది. విన్నదానిని నలుగురు కూర్చుండి చర్చించుటయే ఆ పెరుగుదలకు కారణము.

తమిళనాడున తంజావూరు సీమలో 1960 దశాబ్దమున ఆడుతురై పరిశోధనాలయమునుండి ఏ.డి.టి. 27 అను వరి వంగడము వచ్చినది. రైతులు దానిని గూర్చి రేడియోలో విని వేసిరి గనుక “రేడియో బియ్యము” అని దానికి పేరు పెట్టిరి. ఒక వంగడమునకు దానిని చాటిన సాధనము పేరు నిలిచిపోవుట ఎంత ముచ్చట! 1975 ఆగస్టునుండి 1976 జులైవరకు ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన ప్రసారములు జరిగినవి. వానిలో తెలుగు, కన్నడము, ఒడియా, హిందీ కార్యక్రమములుండెను.

ఈ రాకపోకలు పైనుండి క్రిందికి మాత్రమే కాదు. కర్ణాటకమున పుత్తూరులో 1988లో వక్కతోటల రైతులు “అడికె పత్రికె” అను కన్నడ మాసపత్రికను స్థాపించిరి. అందులో రైతులే వ్రాయుదురు. మన తెలుగున, జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008లో వెలసిన సంఘం రేడియోను నడపువారు పల్లె స్త్రీలు, పేద దళిత స్త్రీలు. వారు తమ పలుకుబడిలోనే చిరుధాన్యములను, విత్తనములను గూర్చి మాటలాడుదురు. మద్రాసులో తెలుగింట పుట్టిన పాలగుమ్మి సాయినాథుగారు దేశములోని పేద జిల్లాలు తిరిగి, రైతుల దుస్థితిని ఆంగ్ల పత్రికల పాఠకులకు తెలిపిరి. వారి తాతగారు, ఒడిశాలోని బరంపురమున పుట్టిన వి.వి. గిరిగారు. 2014లో సాయినాథుగారు స్థాపించిన గ్రామీణ భారత భాండాగారమునందు ఒకే కథనమును పెక్కు భారతీయ భాషలలోనికి మార్చి ప్రకటించుచున్నారు. సరిహద్దున పుట్టిపెరిగిన తెలుగువారికి ఈ పని క్రొత్త కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

చదువునకు త్రోవ

ఇచ్చట మేము స్పష్టముగా చెప్పవలసినది ఒకటి కలదు. పదవ తరగతి తరువాత నేరుగా “వ్యవసాయ పత్రికారచన” అను పట్టము మన దేశమున సాధారణముగా లభింపదు. త్రోవలు రెండు.

మొదటిది వ్యవసాయమునుండి వచ్చునది. పి.యు.సి.లో గాని ఇంటర్మీడియెటులో గాని విజ్ఞానశాస్త్రములు చదివి, నాలుగేండ్ల బి.ఎస్‌సి. వ్యవసాయ పట్టమున చేరవలెను. అందులో నేల, విత్తనము, తెగుళ్ళు, ఆర్థికములతోపాటు వ్యవసాయ విస్తరణ, భావప్రకటన పాఠములుండును. కొన్నిచోట్ల వ్యవసాయ పత్రికారచనను ఐచ్ఛికముగా తీసికొనవచ్చును. చివరి సంవత్సరమున విద్యార్థులు కొన్ని నెలలు పల్లెలో ఉండి రైతులతో పనిచేయుదురు. పిదప రెండేండ్లు విస్తరణ విద్యలో గాని సమాచార విద్యలో గాని ఎం.ఎస్‌సి. చేయవచ్చును. రెండవది పత్రికారచననుండి వచ్చునది. ఏదేని పట్టము పొంది, పత్రికారచనలో ఉన్నత విద్య నభ్యసించి, వ్యవసాయమును తన విషయముగా నెన్నుకొనుట. ఈ త్రోవన పోవువారు పొలమును స్వయముగా నేర్చుకొనవలెను.

కనుక తల్లిదండ్రులు గమనింపవలసిన గడియ పదవ తరగతి ముగియు గడియయే. ఆనాడు విజ్ఞానశాస్త్రములు వదలినచో మొదటి త్రోవ మూయబడును. ఈ సంగతి తెలియక, పట్టము దాటిన పిమ్మట పశ్చాత్తాపపడిన పిల్లలను మేము చూచితిమి.

విశ్వవిద్యాలయములకు కొదువలేదు. మనకు దగ్గరగా రాయచూరున 2008లోను, ధారవాడమున 1986లోను, బెంగుళూరున 1964లోను వ్యవసాయ విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. తమిళనాడువారికి కోయంబత్తూరు, ఒడిశావారికి భువనేశ్వరము, మహారాష్ట్రమువారికి రాహురి మొదలగునవి కలవు. ఆంధ్రమున గుంటూరు లాం కేంద్రముగా ఆచార్య రంగా విశ్వవిద్యాలయమును, తెలంగాణమున రాజేంద్రనగరమున జయశంకర్ విశ్వవిద్యాలయమును ఉన్నవి. ప్రవేశ నియమములు రాష్ట్ర రాష్ట్రమునకు వేరు. కర్ణాటకమున ప్రవేశ పరీక్షతోపాటు వ్యవసాయదారుల పిల్లలకు ప్రత్యేకించిన సీట్లును, వానికై ప్రాయోగిక పరీక్షయు కలవు. తమిళనాడున పన్నెండవ తరగతి మార్కులు ప్రధానము. అఖిల భారత కోటా సీట్లకు 2023నుండి జాతీయస్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్షయే ఆధారము. మీ నివాస ధ్రువపత్రములు ఏ రాష్ట్రమువో, వాని ననుసరించియే అర్హత నిర్ణయింపబడును. ప్రతి సంవత్సరము వెలువడు నియమావళిని చదివియే దరఖాస్తు చేయుడు. ఇరుగు పొరుగు మాటలపై ఆధారపడవలదు.

జీవనము గడచునా?

వ్యవసాయ పట్టము పొందినవారికి ప్రభుత్వ వ్యవసాయ శాఖ, రైత సంపర్క కేంద్రములు, బ్యాంకులు, సహకార సంఘములు, కృషి విజ్ఞాన కేంద్రములు మొదలగు చోట్ల పని దొరకవచ్చును. ఈ కృషి విజ్ఞాన కేంద్రములలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో వెలసినది. యానాము సోదరులకు ఇది సంతోషము గొలుపు సంగతి. 2004 జనవరిలో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లలో వ్యవసాయ పట్టభద్రులు రైతుల ప్రశ్నలకు వారి వారి భాషలలో జవాబు చెప్పుదురు. ఇవిగాక పత్రికలు, ఆకాశవాణి, దూరదర్శనము, సేవాసంస్థలు, అనువాద పనులు ఉన్నవి. తెలుగున 1969లో “అన్నదాత” మాసపత్రిక ప్రారంభమై లక్షలాది రైతుల యిండ్లకు పేరెరిగిన పత్రిక యైనది.

అయినను పిల్లలకు పెద్ద ఆశలు చూపి పంపుట మాకిష్టము లేదు. ప్రభుత్వోద్యోగములకు పోటీ మిక్కుటము. వ్రాతపై మాత్రమే ఆధారపడినవానికి ఆరంభమున ఆదాయము స్వల్పము. ఎరువుల, విత్తనముల కంపెనీలలో జీతము మెరుగుగా ఉండవచ్చును, కాని అచ్చట వ్రాత అమ్మకమునకు సేవచేయును. ప్రకటనను ప్రకటనగను, వార్తను వార్తగను వేరుచేసి చూపు నిజాయితీ ఈ వృత్తికి ప్రాణము. ఆ ప్రాణమును కాపాడుకొనగల మనసు బిడ్డకు కలదా యని మార్కులకంటె ముందుగా తల్లిదండ్రులు చూడవలెను.

తెలుగు ఎందుకు పనికివచ్చును?

ఇక ఆ తండ్రి రెండవ ప్రశ్న. మన క్యాంపులలో వృద్ధులు పెక్కురు తెలుగుననే ఆలోచింతురు, పొలములో పనిచేయు కూలీలు కన్నడము మాటలాడుదురు, డబ్బాపైని అక్షరములు ఆంగ్లమున ఉండును. ఈ మూటి నడుమ నిలిచి, ఒక అంకెయు జారకుండ విషయమును ఇటునుండి అటునకు చేర్చగలవాడు ఎవడు? రెండు భాషలను తల్లిపాలవలె త్రాగిన మన బిడ్డయే. కాని మాటలాడుట మాత్రమే చాలదు. చదువరానిది, వ్రాయరానిది ఇంటిభాషగనే మిగిలిపోవును. తెలుగు పలుకుచు తెలుగు లిపి రాని బిడ్డయు, కన్నడ సీమలో ఉండి కన్నడము సరిగా వ్రాయలేని బిడ్డయు ఈ విద్యకు సగమే తగుదురు. అందుచేత, తెలుగు నేర్చిన కన్నడము చెడునని గాని, కన్నడము నేర్చిన తెలుగు పోవునని గాని తలపవలదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. హక్కు కాగితముపై ఉన్నది. దానిని బ్రతికించునది ఇల్లు.

ఇంట మీరు చేయదగిన చిన్న పని నొకదానిని చెప్పుదుము. ఈసారి ఎరువు గాని విత్తనము గాని తెచ్చినపుడు, దానితో వచ్చిన కాగితమును బిడ్డ చేతికిచ్చి, “నాయనమ్మకు అర్థమగునట్లు తెలుగున చెప్పు” అనుడు. తరువాత దానినే పొలమున పనిచేయు మనిషికి కన్నడమున చెప్పుమనుడు. బిడ్డ ఎచ్చట తడబడునో చూడుడు. మోతాదువద్దనా, పంట పేరువద్దనా, తెగులు పేరువద్దనా? తడబడిన మాటను నోటుపుస్తకమున వ్రాయించి, సోమవారమునాడు మాకు పంపుడు. ఆ మాటలతో పాఠశాలలో రెండు భాషల వ్యవసాయ పదముల పట్టిక నొకటి సిద్ధము చేయవలెనని మా సంకల్పము.

ఆ తండ్రి మాట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. పొలమునుండి బయటపడుటకే చదువని వారనిరి. ఆ మాట వెనుక మూడు తరముల అలసట కలదు, దానిని మేము తక్కువ చేయము. పొలమునుండి బయటపడిన చదువరి పొలమును మరచినచో, మిగిలినవారికి దారి చెప్పువాడుండడు. పొలము తెలిసి, భాష తెలిసి, అంకెను గౌరవించు బిడ్డ ఒక్కతె ఈ ఆయకట్టునుండి విశ్వవిద్యాలయమునకు పోయినచో, ఆమె చదువు ఆమె యింటికి మాత్రమే చెందదు. ఆ బాలిక ఈ సంవత్సరము విజ్ఞానశాస్త్రముల తరగతిలో చేరినది. తెలుగును కూడ వదలలేదు. ఆమె తండ్రి మాకు ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. రానున్న వార్షికోత్సవమున పందిరి విప్పు వేళకు, మిగిలిన మాట మాటలాడుకొందుము.